ఎక్స్‌పీ సీడీకి తెలియని హార్డ్ డిస్క్

మన కార్యక్రమంలో ఇప్పటిదాకా శాసనాలు, కైఫీయతులు, కోటలు, చెరువులు, ఇలాంటి వాటి గురించే మాట్లాడుకున్నాం. ఈసారి సంగతి అంత పాతది కాదు. మహా అయితే ఇరవై, పాతికేళ్ల కిందటిది. ఒక పాత లాప్‌టాప్‌లో విండోస్ ఎక్స్‌పీ ఎక్కించడానికి నేను తొమ్మిది రోజులు కుస్తీ పట్టాను. ఆ కుస్తీలో నాకు తెలిసొచ్చిన చరిత్రే ఈ ఎపిసోడ్. కంప్యూటర్ రిపేరు వీడియో అనుకుని వెళ్లిపోకండి. మీ ఇంట్లో అలాంటి లాప్‌టాప్ ఏదైనా మూలన పడి ఉంటే మాత్రం రిపేరుకి కూడా పనికొస్తుందనుకోండి, అది వేరే సంగతి.

ముందు ఈ తలనొప్పి నాకెందుకొచ్చిందో చెప్పాలి.

మా పెదనాన్నగారు తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్లో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. 2004లో ఆయన మా ఊరి కాలవల మీద ఒక పుస్తకం రాశారు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక మా వైపు పొలాలకి నీళ్లెలా వచ్చాయి, ఏ కాలవ ఎవరి పొలం మీంచి తవ్వారు, ఏ తూము దగ్గర ఏ రెండు కుటుంబాలు కొట్టుకున్నాయి... ఇవన్నీ ముసలివాళ్లని అడిగి, పాత దస్తావేజులు చూసి రాసిన పుస్తకం. 212 పేజీలు. సొంత డబ్బు పెట్టి 500 కాపీలు వేయించారు. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ సెంటర్లో కంపోజ్ చేయించారు. కాపీలన్నీ పంచేయగా ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే. ఆ ఒక్కదాంట్లో ఇరవై ఏళ్లుగా ఎర్ర పెన్నుతో దిద్దుతూనే ఉన్నారు. ఫలానా ఆయన ఇంటిపేరు తప్పు, ఫలానా సర్వే నంబరు తప్పు, ఈ తూము కట్టింది ఆయన కాదు ఆయన తమ్ముడు. మార్జిన్లు నిండిపోయి అట్ట లోపలి వైపు కూడా రాశారు.

ఇప్పుడాయనకి 84 ఏళ్లు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను సరిగ్గా కనపడదు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ కాపీ నా చేతిలో పెట్టి, "అబ్బాయ్, దిద్దినవన్నీ ఎక్కించి ఒక్కసారి మళ్లీ అచ్చేయించగలవా? కళ్లు కనపడుతుండగానే చూసుకోవాలని ఉంది" అన్నారు. దాంతోపాటు ఒక సీడీ కూడా ఇచ్చారు. డీటీపీ సెంటర్ మూసేసేటప్పుడు ఆ కుర్రాడు తెచ్చి ఇచ్చాడట. సీడీలో పేజ్‌మేకర్ ఫైళ్లు, వాటికి వాడిన తెలుగు ఫాంట్లు, కీబోర్డు ప్రోగ్రామ్ ఉన్నాయి. ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఆ ప్రోగ్రామ్ తాళం, అంటే యూఎస్‌బీ డాంగిల్, కూడా ఉంది.

మళ్లీ టైప్ చేయించుకుంటే పోయేదిగా అంటారేమో. ఆ మాట నేనూ అనుకున్నాను. కానీ ఆ పుస్తకం నిండా ఇంటిపేర్లు, సర్వే నంబర్లు, ఎకరాలు, సెంట్లు. కొత్తగా టైప్ చేస్తే కొత్త తప్పులు దొర్లుతాయి. ఆ 212 పేజీలు మళ్లీ మొదటినుంచీ ప్రూఫ్ చూసే చూపు పెదనాన్నకి లేదు. ఆ ఊరి సంగతులు తెలిసి దిద్దగలిగేవాళ్లు వేరే ఎవరూ లేరు. అందుకని ఉన్న ఫైల్లోనే, దిద్దిన చోట మాత్రమే చెయ్యి పెట్టాలి.

సీడీని నా ఇప్పటి కంప్యూటర్లో పెట్టి ఒక టెక్స్ట్ ఫైలు తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటి లేదు. తలమీద చుక్కలు, గీతలు ఉన్న ఐరోపా అక్షరాలు వరసగా కనపడ్డాయి. పత్రికల్లో, ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లకి ఇది తెలిసిన బొమ్మే. అప్పటి మన ఫాంట్లన్నీ 8-బిట్ ఫాంట్లు. అంటే ఫాంటులో ఉండేవి మొత్తం 256 గళ్లు. ఇంగ్లీషు, ఐరోపా అక్షరాలకని పెట్టిన ఆ గళ్లలోనే మనవాళ్లు తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా సర్దారు. ఏ గడిలో ఏ ముక్క పెట్టాలన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇష్టం. ఆ ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే గజిబిజి.

ఇక్కడ ఆ డీటీపీ కుర్రాణ్ణి తప్పుపట్టకూడదు. యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి వెర్షన్లోనే తెలుగుకి చోటిచ్చింది. ఎక్స్‌పీతోపాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా వచ్చింది. కానీ 2004లో మన ప్రెస్సులు నడిచింది పేజ్‌మేకర్ మీద. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. దాని చివరి వెర్షన్, 7.0, 2001లో వచ్చింది. 2004లో అడోబీ దాని అభివృద్ధి ఆపేసింది. దాని బదులు తెచ్చిన ఇన్‌డిజైన్‌లో భారతీయ భాషల లిపులు సరిగ్గా కూర్చునే ఏర్పాటు 2012లో గానీ రాలేదు. మరి ఆ మధ్యలో పుస్తకం వేయించుకోవాల్సినవాళ్లు ఏం చేయాలి? ఉన్నదాంతో వేశారు. మన భాషలో ఆ కాలంలో వచ్చిన ఎన్నో పుస్తకాలు, పత్రికలు, సావనీర్లు ఇలాంటి ఫైళ్లలోనే ఉండిపోయాయి. తాళపత్రాల గురించి బాధపడతాం గానీ, ఈ సీడీల గురించి అడిగేవాళ్లు తక్కువ.

సరే. పేజ్‌మేకర్‌ని కొత్త విండోస్ మీద కూడా తంటాలు పడి నడిపించేవాళ్లున్నారు. నాకు అడ్డం పడింది డాంగిల్. దాని డ్రైవర్ 32-బిట్ కాలంనాటిది, దాని మీద డిజిటల్ సంతకం లేదు. విస్టా నుంచి 64-బిట్ విండోస్‌లో సంతకం లేని డ్రైవర్‌ని కెర్నెల్‌లోకి రానివ్వరు. మంచి నియమమే, వైరస్‌ల బెడద తగ్గించడానికి పెట్టారు. నా పని మాత్రం అక్కడ ఆగిపోయింది.

తర్వాత వర్చువల్ మెషీన్ ప్రయత్నించాను. అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించే ప్రోగ్రామ్. అందులో ఎక్స్‌పీ ఇరవై నిమిషాల్లో, ఒక్క ఇబ్బంది లేకుండా ఎక్కింది. ఎంత సుఖంగా ఎక్కిందో గుర్తుపెట్టుకోండి, దీనికి మళ్లీ వస్తాను. కానీ డాంగిల్ అక్కడ గుర్తు పట్టలేదు. ఇక మిగిలింది అసలు సిసలు పాత మెషీన్.

అటక మీద నా 2008 నాటి లాప్‌టాప్ ఉంది. విస్టాతో వచ్చినది. దాని హార్డ్ డిస్క్ ఎప్పుడో పోతే తీసేసి 500 జీబీది వేయించాను. నా దగ్గర బిల్లు పెట్టి కొన్న ఎక్స్‌పీ సీడీ ఉంది, సర్వీస్ ప్యాక్ 2 కలిపినది. లాప్‌టాప్ పాతది, సీడీ పాతది, రెండూ ఒక ఈడువే, జోడీ కుదురుతుందనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

సీడీ పెట్టి బూట్ చేశాను. నీలం తెర మీద తెల్లక్షరాలు, కింద పట్టీలో ఒక్కొక్క ఫైలు పేరు పరిగెత్తింది. చివర్లో "విండోస్ మొదలవుతోంది" అని చెప్పింది. వెంటనే ఇంకో రకం నీలం తెర, స్టాప్ ఎర్రర్, బోలెడన్ని సున్నాల తర్వాత చివర 7బి. మళ్లీ పెట్టాను, మళ్లీ 7బి. ర్యామ్ తీసి పెట్టాను, సీడీ తుడిచాను. 7బి అంటే, బూట్ కావడానికి కావలసిన డిస్క్ నాకు అందడం లేదు అని. డిస్క్ పాడైందేమో అని లినక్స్ పెన్‌డ్రైవ్‌తో తెరిచి చూస్తే శుభ్రంగా ఉంది. అంటే డిస్క్ ఉంది, ఎక్స్‌పీకి మాత్రం అది కనపడటం లేదు.

ఎందుకు కనపడదు? ఇక్కడి నుంచి చరిత్ర.

పర్సనల్ కంప్యూటర్లలో హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి చాలాకాలం ఒకటే. ఐడీఈ అంటాం. వెస్టర్న్ డిజిటల్ వాళ్లు 1980ల మధ్యలో మొదలుపెట్టినది, 1994లో ఏటీఏ అనే పేరుతో అధికారిక ప్రమాణం అయింది. బూడిద రంగులో వెడల్పాటి రిబ్బన్ కేబుల్ గుర్తుందా? అదే. 2001 అక్టోబరు 25న ఎక్స్‌పీ విడుదలయ్యే నాటికి ఇళ్లలో ఉన్న డిస్కులు దాదాపు అన్నీ ఈ రకమే. ఎక్స్‌పీ సీడీకి పుట్టుకతో వచ్చిన భాష ఇది.

తర్వాత సన్నటి తీగతో శాటా వచ్చింది. దాని 1.0ఏ ప్రమాణం 2003 జనవరి నాటిది. తీగ మారినంత మాత్రాన ఎక్స్‌పీకి ఇబ్బంది లేదు. ఎందుకంటే చిప్ తయారుచేసేవాళ్లు పాత ఐడీఈ వేషం వేసే సదుపాయం ఉంచారు. అసలు మార్పు 2004లో జరిగింది. శాటా డిస్కుతో దాని పూర్తి బలం వాడుకుంటూ మాట్లాడటానికి ఇంటెల్ ముందుండి ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి తెచ్చింది. డిస్క్‌కి ఒకేసారి బోలెడు పనులు చెబితే, తలని అటూ ఇటూ ఎక్కువ తిప్పకుండా తనకి వీలైన వరసలో చేసుకుపోతుంది. మంచి పద్ధతి. కానీ 2001లో తయారైన సెటప్‌కి ఆ భాష రాదు. పోనీ తర్వాతైనా నేర్పారా అంటే లేదు. సర్వీస్ ప్యాక్ 2 వచ్చింది 2004 ఆగస్టులో, అందులో లేదు. 2008లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 3లోనూ లేదు. మైక్రోసాఫ్ట్ తన సొంత ఏహెచ్‌సీఐ డ్రైవర్ పెట్టింది విస్టాలో.

పెదనాన్న పుస్తకం 2004, నా సీడీలోని సర్వీస్ ప్యాక్ 2004, ఏహెచ్‌సీఐ 2004. మూడూ ఒకే ఏడాది పుట్టి ఒకదాని మొహం ఒకటి ఎరగవు. నా 2008 లాప్‌టాప్ విస్టా కోసం తయారైంది కాబట్టి ఏహెచ్‌సీఐ తప్ప వేరే భాష మాట్లాడదు. వర్చువల్ మెషీన్‌లో ఎక్స్‌పీ అంత సుఖంగా ఎందుకు ఎక్కిందో ఇప్పుడు అర్థమైందిగా? అది ఎక్స్‌పీ కోసం 1990ల నాటి ఇంటెల్ ఐడీఈ చిప్ వేషం వేస్తుంది. చిన్నప్పటి స్నేహితుడు ఎదురైనట్టే ఉంటుంది ఎక్స్‌పీకి.

కొన్ని లాప్‌టాప్‌ల బయాస్‌లో శాటా మోడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. ఏహెచ్‌సీఐ తీసి ఐడీఈ అనో, కంపాటిబుల్ అనో పెడితే గొడవే లేదు, ఎక్స్‌పీ ఎక్కేస్తుంది. మీరు ఇలాంటి పనికి దిగితే మొట్టమొదట చూడాల్సింది అదే. నా లాప్‌టాప్ బయాస్‌లో గడియారం, పాస్‌వర్డ్, బూట్ వరస, ఇవి తప్ప ఇంకేం లేవు. ఇంట్లో వాడుకునే మోడళ్లలో చాలావాటికి అంతే.

ఇక రెండో దారి, ఎఫ్6. ఎక్స్‌పీ సెటప్ మొదలవుతుండగా కొన్ని సెకన్లపాటు అడుగున ఒక వాక్యం వస్తుంది. మీ దగ్గర బయటి స్కజీ గానీ రెయిడ్ గానీ డ్రైవర్ ఉంటే ఎఫ్6 నొక్కండి అని. నొక్కితే కాసేపయ్యాక, ఎస్ నొక్కి ఏ డ్రైవ్‌లో ఫ్లాపీ పెట్టమంటుంది. ఫ్లాపీయే! పెన్‌డ్రైవ్ కుదరదు, ఇంకో సీడీ కుదరదు. ఇది విండోస్ ఎన్‌టీ వంశం అలవాటు. ఎన్‌టీ 1993లో వచ్చింది, ఎక్స్‌పీ దాని మనవడి లాంటిది. ఎన్‌టీ నడిచే సర్వర్లలో రకరకాల డిస్క్ కార్డులు ఉండేవి. ఆ కార్డు కంపెనీ డ్రైవర్‌ని ఫ్లాపీలో ఇచ్చేది. ఫ్లాపీ డ్రైవ్ లేని సర్వర్ అప్పట్లో లేదు. అందుకని అదొక్కటే ద్వారం పెట్టారు.

ఆ ద్వారం అలాగే ఉంది గానీ దాని ముందున్న వీధి మాయమైంది. 1998లో ఆపిల్ ఐమ్యాక్ ఫ్లాపీ లేకుండా వచ్చింది. 2003లో డెల్ తన డెస్క్‌టాప్‌లలో ఫ్లాపీని మామూలుగా ఇవ్వడం మానేసింది. సోనీ 2011లో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. ఇంతకీ ఆ ఫ్లాపీ 1.44 ఎంబీ అంటాం కదా, అదో తమాషా. దాని అసలు కొలత 14,74,560 బైట్లు. దాన్ని వెయ్యితో ఒకసారి, 1,024తో ఒకసారి భాగిస్తే వచ్చేదే 1.44. మెగాబైట్‌కి పది లెక్క ఒకటి, రెండు లెక్క ఒకటి ఉంటే, ఇది రెండింటికీ చెందదు. సోలకీ కాదు, లీటరుకీ కాదు అన్నట్టు.

సికింద్రాబాద్‌లో పాత సామాన్లమ్మే ఒక షాపులో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ దొరికింది. రెండు ఫ్లాపీలు కూడా ఇచ్చాడు, ఒకటి బాగానే ఉంది. ఇంటెల్ డ్రైవర్ దాంట్లోకి ఎక్కించి, ఎఫ్6 కొట్టి, ఎస్ నొక్కాను. చదివింది! డిస్క్ కనపడింది! పార్టీషన్ చేసి, ఫార్మాట్ పెట్టి, టీ పెట్టుకోవడానికి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే, ఏ డ్రైవ్‌లో డ్రైవర్ ఫ్లాపీ పెట్టండి అని అడుగుతోంది. ఫ్లాపీ దాంట్లోనే ఉంది. ఎంటర్ కొట్టాను, మళ్లీ అదే మాట. పది సార్లు కొట్టాను. పక్కింటివాళ్లబ్బాయి వచ్చి, "అంకుల్, ఆ డబ్బా ఏంటి?" అన్నాడు. వాడు ఫ్లాపీని చూడటం అదే మొదలు.

జరిగిందేమిటంటే, మొదట ఫ్లాపీని చదివింది బయాస్ సాయంతో. ఫైళ్లు కాపీ చేసే దశకి వచ్చేసరికి విండోస్ తన సొంత డ్రైవర్‌తో చదవాలనుకుంది. ఆ డ్రైవర్‌కి తెలిసినవి సీడీలో ఒక జాబితాలో రాసిపెట్టిన కొద్ది యూఎస్‌బీ ఫ్లాపీ మోడళ్లే. నాది ఆ జాబితాలో లేదు. అక్కడికి నాలుగు రోజులు.

మూడో దారి, సీడీనే మార్చేయడం. ఎన్‌లైట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో సీడీలోని ఫైళ్లని కంప్యూటర్లోకి తీసుకుని, ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని వాటిలో కలిపేసి, కొత్త సీడీ కాల్చుకోవచ్చు. అప్పుడు ఎఫ్6తో పని లేదు, సెటప్‌కి ఆ భాష ముందే వచ్చినట్టు ఉంటుంది. చేశాను. ఇంటెల్ డ్రైవర్‌లో చిప్ పేర్ల పొడవాటి జాబితా వచ్చింది. నా లాప్‌టాప్‌ది ఐసీహెచ్9 అని గుర్తు, ఆ పేరున్నది ఎంచుకున్నాను. సీడీ కాల్చి బూట్ చేశాను. 7బి.

నిజం చెప్పాలంటే ఆ రోజు వదిలేద్దామనిపించింది. ఆ రాత్రే పెదనాన్న ఫోన్ చేశారు, పుస్తకం గురించి అడగలేదు. ఊళ్లో కాలవ పూడిక తీస్తున్నారనీ, ఆయన రాసిన పాత రాతి తూము ఒకటి బయటపడిందనీ చెప్పారు. "నువ్వొచ్చినప్పుడు చూద్దువులే" అన్నారు. ఆయన దాన్ని చూడగలిగారో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు పొద్దున ఊహించడం మానేసి చిప్‌నే అడిగాను. లినక్స్‌తో బూట్ చేసి, ఏ పరికరానికి ఏ నంబరో చూపించే ఆదేశం ఇస్తే వచ్చింది: 8086, 2929. మొదటిది తయారీదారు నంబరు, రెండోది చిప్ నంబరు. ఇంటెల్ తన తయారీదారు నంబరుగా 8086 పెట్టుకుంది. 1978లో తెచ్చిన ప్రాసెసర్ పేరు అది. మన పీసీల వంశవృక్షంలో మూలపురుషుడు. ఇప్పటికీ మీ కంప్యూటర్లో ఇంటెల్ చిప్ ఉంటే లోపల ఆ గోత్రం చెప్పుకుంటూనే ఉంటుంది.

డ్రైవర్ ఫోల్డర్లో ఎక్స్‌పీ సెటప్ చదివే ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి 2929 వెతికాను. అది ఐసీహెచ్9ఎం, చివర ఎం. లాప్‌టాప్‌లలో వాడే రకం. నేను ఎంచుకున్నది డెస్క్‌టాప్ రకం, దాని నంబరు 2922. ఒక్క అంకె తేడా. సర్వే నంబరు ఒక్క అంకె తప్పు పడితే పొలం పక్కవాడిదైపోతుందని పెదనాన్న ఎర్ర పెన్నుతో ఎందుకు దిద్దుతారో అప్పుడు తెలిసొచ్చింది.

కాబట్టి చిప్ పేరు చూసి ఎంచుకోకండి, నంబరు చూసి ఎంచుకోండి. విస్టా గానీ 7 గానీ ఇంకా నడుస్తున్న మెషీన్ అయితే డివైస్ మేనేజర్‌లో, ఆ కంట్రోలర్ వివరాల్లో, హార్డ్‌వేర్ ఐడీల కింద అదే నంబరు దొరుకుతుంది.

ఇంకో చిన్న చిక్కు ముందే చూసుకోవడం మంచిదయింది. ఎక్స్‌పీ తన మొదటి పార్టీషన్‌ని 63వ సెక్టర్ దగ్గర మొదలుపెడుతుంది. ఎందుకు 63? పాత బయాస్‌లో సెక్టర్ నంబరు రాయడానికి ఆరు బిట్లే ఇచ్చారు, లెక్క ఒకటితో మొదలవుతుంది కాబట్టి ఒక ట్రాక్‌కి 63 సెక్టర్లు. ఆ లెక్క నిజమైన డిస్కులకి సంబంధం లేకుండా పోయి ఎన్నో ఏళ్లయినా అలవాటు మిగిలింది. 2011 ప్రాంతం నుంచి వచ్చిన డిస్కులు లోపల 4,096 బైట్ల సెక్టర్లు వాడతాయి. 63 ఎనిమిదితో భాగించబడదు కాబట్టి విండోస్ రాసే ప్రతి ముక్కా రెండు సెక్టర్ల గట్టు మీద పడుతుంది. పని జరుగుతుంది, కానీ నత్తనడక. నేను మార్పించిన డిస్క్ ఆ రకమే. లినక్స్‌లోనే పార్టీషన్‌ని 2048వ సెక్టర్ దగ్గర మొదలుపెట్టి చేసి ఉంచాను. ఎక్స్‌పీ దాన్ని మారు మాట్లాడకుండా తీసుకుంది.

ఇలాంటి హద్దుల సంగతే ఇంకొకటి. 2005లో మా ఫ్రెండ్ కొత్తగా కొన్న 160 జీబీ డిస్క్ ఎక్స్‌పీలో 137 జీబీగానే కనపడితే షాపువాడితో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. పాపం షాపువాడి తప్పేం లేదు. వీడి సీడీ 2001 నాటిది. పాత ఏటీఏ పద్ధతిలో సెక్టర్ చిరునామాకి 28 బిట్లు, దాని గరిష్ఠం 137 జీబీ. ఆ గోడ దాటడం ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 1లో, 2002లో వచ్చింది. ఆ గొడవకి వెనక నిలబడి వాదించినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఎనిమిదో రోజు సాయంత్రం మూడో సీడీ కాల్చి పెట్టాను. 7బి రాలేదు. ఆ తర్వాత చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు: ఫైళ్లు కాపీ అయ్యాయి, రీస్టార్ట్ అయింది, పచ్చగడ్డి దిబ్బ మీద నీలాకాశం కనపడింది. ముందు చిప్‌సెట్ డ్రైవర్, ఆ తర్వాత గ్రాఫిక్స్ వేశాను. సౌండ్ జోలికి, వైఫై జోలికి పోలేదు. అది కావాలనే. ఎక్స్‌పీకి మామూలు మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. 2017 మేలో వానాక్రై దాడి జరిగినప్పుడు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి ప్రత్యేకంగా ఒక ప్యాచ్ ఇచ్చిందంటే ఎంత ప్రమాదమో చూడండి. మీరు చేసినా సరే, ఇలాంటి మెషీన్‌కి ఇంటర్నెట్ తీగ పెట్టకండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్ మీద తెచ్చుకోండి, తిరిగి తీసుకెళ్లేటప్పుడు స్కాన్ చేసుకోండి.

పేజ్‌మేకర్ వేశాను, ఫాంట్లు వేశాను, డాంగిల్ పెట్టాను. దాని చిన్న ఎర్ర దీపం వెలిగింది. సీడీలోంచి మొదటి ఫైలు తెరిచాను. ఒక క్షణం ఆ గజిబిజి అక్షరాలే కనపడి గుండె ఆగినంత పనైంది. ఫాంటు పట్టుకుంది, పేజీ తెలుగులోకి మారింది. "మా ఊరి కాలవలు" అని శీర్షిక, కింద పెదనాన్న పేరు, దాని కింద 2004.

తొమ్మిదో రోజంతా దిద్దుబాట్లు ఎక్కించాను. పద్దెనిమిది పేజీలైంది. వాటిని పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి, ఊరికి బస్సెక్కాను. పెదనాన్న అరుగు మీద వెలుగున్న వైపు కుర్చీ వేయించుకుని, భూతద్దం పెట్టుకుని ఒక్కో వాక్యం చదివారు. గంటన్నర పట్టింది. నేను ఏహెచ్‌సీఐ గురించి, 7బి గురించి చెప్పడం మొదలుపెడితే, "ఉండరా" అన్నారు. పదకొండో పేజీ దగ్గర వేలు ఆపారు.

"ఇదేంట్రా, తూర్పు కాలవ అని ఉంది? పడమటి కాలవ కదా."

ఆయన కాపీ తీసి చూపించాను. అందులో ఎర్ర గీత లేదు. తూర్పు అనే ఉంది.

"ఇది ఆ డీటీపీ కుర్రాడికి అప్పుడే చెప్పాను. దిద్దాడనుకున్నాను" అన్నారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు.

ఇంకా 194 పేజీలున్నాయి. లాప్‌టాప్ ఇప్పుడు ఊళ్లోనే, ఆయన గదిలో ఉంది. వారానికి రెండు రోజులు వెళ్తున్నాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ మన దారిలోకి వచ్చి, పూడికలో బయటపడ్డ ఆ రాతి తూము గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు, నమస్తే.